రొయ్యల చెరువు చెరువగునా?

కోనసీమలో నేడు ఫలానా వారు "చెరువు వేసిరి" అన్నచో, ఊరివారు త్రాగుటకు నీరు నిలువచేసికొనిరని ఎవ్వరును తలపరు. పండుచున్న వరిచేను త్రవ్వి, నలుప్రక్కల గట్లు పోసి, ఉప్పునీరు నింపి, రొయ్యపిల్లను వదలిరని అర్థము. రెండు తరములలో మాటకు అర్థము తలక్రిందులైనది. భాషలో మాటలు మారుట సహజమే, దానికి చింతింపము. కాని పాత మాటతోబాటు పాత గౌరవమును, పాత హక్కులును, పాత ఉపేక్షయు క్రొత్త వస్తువునకు సంక్రమించుచున్నవి. చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో నొకటి యని మన పెద్దలు ఎంచిరి. ఆ పుణ్యము ఈ చెరువునకు చెల్లునా? ఆ పేరిట చట్టము చూపు దాక్షిణ్యము దీనికి చూపవలెనా? ఇదియే మా ప్రశ్న.

నేల స్వభావము నెరుంగక ఈ ప్రశ్నకు సమాధానము చెప్పరాదు. అప్పనపల్లి వైనతేయ గోదావరి యొడ్డున నున్నది. ఈ పాయ ఓడలరేవు, కరవాకల నడుమ సముద్రములో కలియును. వేసవిలో పైనుండి వచ్చు నీరు సన్నగిల్లినపుడు సముద్రపు పోటు ఈ పాయలోనికి ఎగదన్నుచుండును. కావున అప్పనపల్లికి ఏటినీరు ఎదుటనే యున్నను, ఆ నీటిని సంవత్సరము పొడుగున నమ్ముకొనుటకు వీలులేదు. ఈ నగరము లంకకు తీపినీరు వచ్చుమార్గము వేరు. 1847 మొదలు 1852 వరకు కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించెను. ఆ కాలువనీటిని లంకకు దాటించుటకు గన్నవరము వద్ద వైనతేయ మీదుగా 49 ఖానాల అక్విడక్టు నిర్మింపబడెను. దానికి మారుగా తరువాత కట్టిన క్రొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిరి. అడిగినవారికెల్ల అన్నము పెట్టిన తల్లి పేరు అన్నమునకు మూలమైన నీటికి పెట్టుట ఉచితముగనే యున్నది. క్రింద పారునది పోటుపాటుల ఏరు. పైన పారునది పంటకాలువ. ఉప్పును తీపిని అట్లు వేరువేరుగా నడుపుటయందే ఈ దేశపు సౌభాగ్యమంతయు నిలిచియున్నది. ఇప్పుడు మన చేతులతోనే ఆ రెంటిని కలుపుచున్నాము.

భూమి లోపల జరుగునది ఇంకను సూక్ష్మమైనది. కోనసీమ యిసుకపొరలలో వానల వలనను, కాలువల వలనను ఇంకిన మంచినీరు, క్రిందనున్న ఉప్పునీటిపై తేలియుండును. నూనె నీటిపై తేలినట్లు కాకున్నను, బరువుల భేదము వలన తేలుటయే. సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక అడుగు ఎత్తున నిలిచియున్నచో, దాని క్రింద రమారమి 40 అడుగుల లోతువరకు ఉప్పు రాకుండ ఆ బరువు అదిమిపట్టి యుంచునని జలశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. పైన ఒక అడుగు పోగొట్టుకొన్నచో క్రింద 40 అడుగుల రక్షణ కాలక్రమమున పోవునన్నమాట. ఈ లెక్క తెలియకయే మన తాతలు లోతైన నూతులు త్రవ్వక నేలనూతులతో తృప్తి చెందిరి. నేడు చెరువులవారు ఉప్పునీటికై బోర్లు దింపి ఇంజనులతో తోడుచున్నారు; అది చాలనిచోట మురుగుకాలువలో పోటునకు ఎక్కివచ్చిన నీటిని పైకి ఎత్తుచున్నారు. క్రింద నుండవలసిన ఉప్పు పైకి వచ్చి, వరిచేలకంటె ఎత్తున, గట్ల నడుమ నాలుగు మాసములు నిలిచియుండును. అట్లు నిలిచిన నీరు ఏ దిక్కునకు ఊరును? పల్లమునకే గదా.

ఎంత ఉప్పు? పాఠకులు కాగితము తీసికొని తామే గుణించుకొనవచ్చును. ఒక ఎకరము చెరువులో ఐదడుగుల నీరు నిలిపినచో అది 60 లక్షల లీటర్లకు పైమాట. లీటరుకు 10 గ్రాముల ఉప్పున్న నీరు రొయ్యకు సామాన్యమైనదే. సముద్రపు నీటిలో 35 గ్రాములుండును. ఆ లెక్కను ఒక్క ఎకరము చెరువులో కరగియున్న ఉప్పు 60 టన్నులు! లీటరుకు 2 గ్రాములు దాటుసరికే వరిదిగుబడి తగ్గనారంభించును. త్రాగునీటికి దేశ ప్రమాణము లీటరునకు అర గ్రాము. గత్యంతరము లేనిచోట 2 గ్రాములవరకు ఓర్చుకొమ్మన్నారు. నూటికి ఐదు పాళ్లు ఊరి పోయినను మూడు టన్నుల ఉప్పు ప్రక్క రైతు చేనిలోనికి దయచేయుచున్నదని తెలియవలెను. ఎవ్వడైన నొక రాత్రివేళ మూడు టన్నుల ఉప్పు బండ్లకెత్తి పొరుగువాని మళ్లలో చల్లినచో పోలీసువారు ఊరకుందురా? గట్టు క్రిందుగా పోయినచో మాత్రము అది దైవికమట!

ఉప్పుతో కథ ముగియదు. ఈ చెరువు పశువులపాకవంటిది. పాకలో పేడ తీసివేయుదుము, చెరువులో తీయుటకు వీలులేదు. వనామి యను రొయ్య మన సముద్రమునకు చెందినది కాదు. పసిఫిక్ మహాసముద్రపు అమెరికా తీరమునుండి తెచ్చినది, 2009లో మన దేశమున దీని పెంపకమునకు అనుమతి యిచ్చిరి. చదరపు మీటరునకు 60 పిల్లలవరకు వేయవచ్చునని నిబంధన. అంత క్రిక్కిరిసిన ప్రాణులు బ్రదుకుటకు రాత్రింబవళ్లు చక్రములు నీటిని చిలుకుచుండవలెను, మేత మీద మేత చల్లుచుండవలెను. ఎకరమునకు రెండు టన్నుల పట్టుబడి వచ్చినదనుకొందము. దానికి మూడు టన్నుల మేత పట్టును. మేతలో నూటికి 35 వంతులు మాంసకృత్తులు. అందులోని నత్రజని సుమారు 168 కిలోలు. రొయ్య తన దేహమునకు చేర్చుకొనునది అందులో రమారమి నాలుగవ వంతు మాత్రమే. మిగిలిన 120 కిలోలకు పైబడిన నత్రజని విసర్జనముగను, తినక క్రుళ్లిన మేతగను నీటిలోను బురదలోను నిలుచును. కొంత గాలిలో కలియును. ఇది ఆరు బస్తాల యూరియాకు సమానము. పట్టుబడినాడు తూము ఎత్తగానే అది మురుగుకాలువ పాలగును. ఆ మేతలోని చేపపొడి యెక్కడిది? టన్ను పొడికి నాలుగైదు టన్నుల పచ్చిచేపలు కావలెను; బీదవాడు కొనుక్కొని తినదగిన చిన్నచేపలే అవి. సముద్రమునుండి పళ్లెమునకు పోవలసిన చేప పొడియై, మేతయై, రొయ్యయై, మంచుపెట్టెలో అమెరికాకు పోవుచున్నది.

ఈ వ్యాపారము ప్రాకు విధము మిక్కిలి శోచనీయము. ఊరిలో పదిమంది రైతులున్నారు. ఒకడు తన చేను చెరువునకు కౌలుకిచ్చును. అతని కౌలు వరి కౌలునకు పెక్కు రెట్లు. మొదటి యేడు ప్రక్కవాడు అసూయపడును. రెండవ యేడు గట్టు వెంబడి నాలుగు సాళ్లు ఎఱ్ఱబారును. మూడవ యేడు దాళ్వా పోయి సార్వా మిగులును. తరువాత అదియు పోవును. అప్పుడు వానికి రెండే మార్గములు. చేను బీడుపెట్టుట, లేదా తానును చెరువునకిచ్చుట. "అందరును ఇష్టపడియే ఇచ్చిరి" అని కౌలుపత్రములు చూపుదురు. న్యాయశాస్త్రములో ఇష్టమను మాటకు అర్థమున్నది. నిర్బంధమను మాటకును అర్థమున్నది. తన పొలము వరికి పనికిరాకుండ పోయిన పిమ్మట చేసిన సంతకము ఏ కోవకు చెందునో పాఠకులే నిర్ణయింపగలరు.

భూమి యున్నవానికి కౌలైనను వచ్చుచున్నది. లేనివాని మాట యేమి? వరిచేను ఊడ్పులకు, కలుపులకు, కోతలకు, కుప్పనూర్పులకు ఊరిలోని ఆడవారికిని మగవారికిని పని యిచ్చును. చెరువునకు కావలసినది ఒక కాపలావాడు, మేత చల్లువారు, పట్టుబడినాడు వలలాగు కొందఱు. ఇంటిముందటి నూయి ఉప్పనైనది కావున కూలిడబ్బుతో నీళ్ల క్యాను కొనవలసి వచ్చెను. గడ్డి లేదు గనుక పాడిగేదె పోయెను. ఈ నష్టములు ఏ యెగుమతి లెక్కలలోను ఎక్కవు. రొయ్యల యెగుమతివలన దేశమునకు ఇన్ని వేల కోట్ల రూపాయలు వచ్చినవని మంత్రులు చెప్పునపుడు, ఆ మొత్తములోనుండి ఉప్పనైన నూతుల ఖరీదు తీసివేసిరా యని అడుగువారు లేరు.

రైతును నిందించుట మా యుద్దేశము కాదు. అతడు ఏల ఇంతకు దిగెనో మఱచినచో మనము పక్షపాతులమగుదుము. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయక వేలకొలది ఎకరములు బీడుపెట్టి పంట విరామము ప్రకటించిరి. వరి గిట్టదు, కూలి పెరిగినది, మురుగుకాలువలు పూడిపోయి చేలు మునుగుచున్నవి అని మొఱపెట్టిరి. మోహన్‌ కందా గారి కమిటీని ప్రభుత్వము వేసెను. 2022లో కొన్ని మండలములవారు మరల పంట విరామమునకు పూనుకొనిరి. అనగా పదకొండేండ్లలో ఆ మొఱ తీరలేదు. వరికి మురుగు తీయించలేని ప్రభుత్వము రొయ్యకు విద్యుచ్ఛక్తి యూనిటు రూపాయిన్నరకు ఇచ్చుటకు 2019లో ముందుకు వచ్చినది. ఒకని చేను మునిగినను పట్టించుకొనక, వేరొకని చక్రములు తిరుగుటకు ఖజానా విప్పినచో, రైతు ఏ వైపునకు పోవునో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు.

ఇక చట్టము మాట. మా వృత్తిరీత్యా ఈ భాగమున కొంత విస్తరింతుము. పాఠకులు ఓపిక పట్టవలెను. ఇంగ్లండులో రైలాండ్సను నొక మిల్లుదారుడు తన మిల్లునకై జలాశయము కట్టించెను. ఆ నీరు పాతగనుల మార్గమున పోయి ఫ్లెచరు అను పొరుగువాని బొగ్గుగనిని ముంచెను. 1868లో ప్రభువులసభ యేమనెననగా: తన భూమిమీదికి సహజముగా లేనిదానిని తెచ్చి నిలిపినవాడు, అది తప్పించుకొని పోయి పొరుగువానికి చేసిన నష్టమునకు, తన అజాగ్రత్త లేకున్నను బాధ్యుడే. ఆరేండ్లు తిరుగక మునుపే ఈ సూత్రము తెలుగునేలకు పరీక్షగా వచ్చెను. కార్వేటినగరము జమీనులోని రెండు పురాతన చెరువులు కుంభవృష్టికి తెగి మద్రాసు రైల్వేకంపెనీ దారిని కొట్టివేసెను. కంపెనీవారు రైలాండ్సు తీర్పు చూపి నష్టపరిహారము కోరిరి. 1874లో ప్రీవీకౌన్సిలు జమీందారు పక్షముననే తీర్పు చెప్పెను. ఏలయనగా ఈ దేశమున చెరువు ఒకని లాభమునకై కట్టినది కాదు. ప్రజల జీవనమునకు ఆధారమైనది. దానిని పూడ్చివేయు హక్కు జమీందారునకు లేదు, కాపాడు విధి మాత్రమే యున్నది. కావున మిల్లుదారుని జలాశయమునకు పట్టిన న్యాయము ఊరిచెరువునకు పట్టదు.

ఈ రెండు తీర్పుల నడుమ రొయ్యల చెరువును నిలువబెట్టి చూడుడు. దీనిలో ఊరివారి కుండ మునుగునా? పశువు దిగునా? ఒక్క ఎకరమైన తడియునా? దీనిని పూడ్చరాదని ఆచారము విధించినదా? ఇది రైలాండ్సు గారి మిల్లునకు తోబుట్టువు. కార్వేటినగరము చెరువునకు పేరు మాత్రమే చుట్టము. 1882 నాటి ఈజుమెంటు చట్టము 7వ సెక్షనులో, తన భూమిమీదుగా గాని భూమిలోపలగా గాని సహజముగ వచ్చు నీటిని ఇతరులు అనుచితముగా చెఱుపరాదను హక్కు ప్రతి భూస్వామికి గలదని స్పష్టముగ నున్నది. 1986 డిసెంబరులో ఢిల్లీ ఓలియం వాయువు వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఇంకను ముందుకుపోయి, అపాయకరమైన పరిశ్రమ నడుపువాని బాధ్యతకు మినహాయింపులే లేవనెను. రొయ్యల చెరువు ఓలియము కాదని మాకు తెలియును. కాని న్యాయము నడచుచున్న దిక్కు ఏదో దీనివలన తెలియుచున్నది.

సూటిగా ఈ విషయముననే తీర్పు లేకపోలేదు. తమిళనాట గ్రామస్వరాజ్య ఉద్యమమునకు అధ్యక్షుడైన సర్వోదయ సేవకుడు ఎస్. జగన్నాథన్‌ గారు వేసిన వ్యాజ్యమున 1996 డిసెంబరు 11వ తేదీన జస్టిస్ కులదీప్‌సింగు, జస్టిస్ సాగీర్ అహమ్మదు గార్లు తీర్పు చెప్పిరి. రొయ్యల పెంపకము పరిశ్రమయేననియు, తీరప్రాంత నియంత్రణ మండలములో నుండరాదనియు, సాంప్రదాయక పద్ధతులు తప్ప తక్కిన చెరువులను తొలగింపవలెననియు, పంటభూములను ఉప్పుకొఠారులను మడఅడవులను గ్రామ ఉమ్మడి భూములను రొయ్యలకు మార్చరాదనియు, చెఱిపినవాడే పరిహారమియ్యవలెననియు ఆజ్ఞాపించిరి. ఆంధ్రలోను తమిళనాడులోను కలిగిన లాభముకంటె నష్టమే యెక్కువయని నాగపూరు పర్యావరణ సంస్థవారు ఇచ్చిన నివేదికను వారు ఆధారముగ గైకొనిరి. ఆ తీర్పు అమలు జరిగియున్నచో ఈ సంపాదకీయమునకు అవసరముండెడిది కాదు.

ఏమి జరిగెను? 2005లో పార్లమెంటు తీరప్రాంత జలకృషి ప్రాధికార చట్టము చేసెను. 27వ సెక్షనులో 1991 నాటి తీరప్రాంత నోటిఫికేషనునకే వెనుకటి తేదీనుండి మినహాయింపు చేర్చి, కోర్టు నిషేధించినదానిని సక్రమమనిపించెను. గడచిన కాలమును చట్టముచే మార్చుటకు పార్లమెంటునకు అధికారముండవచ్చును. గడచిన కాలమున ఉప్పనైన నేలను మార్చుటకు అధికారము ఏ చట్టసభకును లేదు. ఆ చట్టముననైనను రిజిస్ట్రేషను లేక పెంచువానికి మూడేండ్ల వరకు ఖైదు విధింపవచ్చునని యుండెను. 2023 సవరణలో ఖైదు తీసివేసి జుల్మానా మాత్రము మిగిల్చిరి. రాష్ట్రమున 2020లో జలకృషి అభివృద్ధి ప్రాధికార సంస్థ వెలసెను. పేరులోనే అభివృద్ధి యున్నది. నియంత్రణ ఎంత యున్నదో చూడవలసియున్నది.

మురుగునీటిని శుద్ధిచేయు ఏర్పాటు ఐదు హెక్టారులు మించిన క్షేత్రములకే విధాయకము. ఐదు హెక్టారులనగా పండ్రెండు ఎకరములకు పైమాట. కోనసీమలో కమతములు చిన్నవి. రెండెకరముల చెరువులు ఇరువది ఒకే బోదెలోనికి మురుగు వదలినచో నలుబది ఎకరముల మురుగు ఒకటిగనే ప్రవహించును. కాగితముమీద మాత్రము ఒక్కటియు పెద్దచెరువు లేదు. చట్టము చెరువును కొలుచుచున్నది, కాలువను కొలుచుటలేదు. ఇంతకంటె పెద్ద కంత మాకెక్కడను కనబడలేదు.

సాక్ష్యభారము మాటయు చెప్పవలెను. "మీ నూయి మా చెరువువలననే ఉప్పనైనదని రుజువేమి?" అని చెరువువారు అడుగుదురు. నూతిలో నీటికి ఊరు పేరు వ్రాసియుండదు. బీదరైతు భూగర్భ శాస్త్రజ్ఞుని తెచ్చుకొనగలడా? 1999 జనవరిలో హైదరాబాదు గండిపేట, హిమాయతుసాగరు జలాశయముల చేరువ పెట్టబోయిన కర్మాగారమును గూర్చిన నాయుడు గారి వ్యాజ్యమున సుప్రీముకోర్టు దీనికి సమాధానమిచ్చెను. జస్టిస్ ఎం. జగన్నాధరావు గారు వ్రాసిన ఆ తీర్పు ప్రకారము, ఉన్నస్థితిని మార్పదలచినవాడే తనవలన చెఱుపు కలుగదని రుజువు చేయవలెను. హైదరాబాదు నగరవాసులు త్రాగు నీటికి వర్తించు న్యాయము మామిడికుదురు మండలపు నూతికి వర్తింపదని ఎవరైన చెప్పగలరా?

ఈ వ్యాపారమువలన చెరువులవారికైనను స్థిరమైన మేలు కలుగుచున్నదా యన్నచో, చరిత్ర అట్లు చెప్పుటలేదు. 1990 ప్రాంతముల నెల్లూరు మొదలు గోదావరి జిల్లాలవరకు టైగరు రొయ్యతో మేడలు లేచినవి. 1994, 1995లలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి ఆ మేడలలో పెక్కింటిని తాకట్టు పెట్టించెను. ఒకడు వదలిన మురుగునే మరియొకడు మంచినీరనుకొని ఎక్కించుకొనుచుండగా తెగులు ప్రాకక యేమగును? అప్పుడు మందులు, మందుల అవశేషములు కనబడెనని విదేశములలో సరకు తిరుగుట. ఇక ధర మన చేతిలో నున్నదా? 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై 50 శాతము వరకు సుంకము విధించినపుడు, వాషింగ్టనులో పడిన సంతకమునకు భీమవరములో ధర పడిపోయెను. వరి ధర తగ్గినచో రైతు గింజలు తిని బ్రదుకును. రొయ్యధర తగ్గినచో ఎన్ని రొయ్యలు తినగలడు!

ఫ్యాక్టరీల మాట ఒక్కటి చెప్పి ముందుకు పోదుము. పశ్చిమగోదావరిలో తుందుర్రు ఆక్వాపార్కు వలదని ఆ చుట్టుప్రక్కల గ్రామములవారు యేండ్లతరబడి పోరాడిరి; 144వ సెక్షనును, లాఠీలను, కేసులను చూచిరి. 2017 మార్చి 30న మొగల్తూరు మండలములోని నొక రొయ్యల ఫ్యాక్టరీలో మురుగుతొట్టి శుభ్రముచేయ దిగిన కూలీలు ఐదుగురు విషవాయువువలన మరణించిరి. ఆ మురుగు మనిషి ప్రాణము నిలువున తీయగలదని అంతకుమునుపే గ్రామస్థులు చెప్పుచుండిరి.

కోళ్లఫారములవారు ఇది తమకు సంబంధింపని మాటయని చదువుచున్నచో వారికిని రెండు మాటలు. గోదావరి జిల్లాలు రాష్ట్రమునకు గ్రుడ్లపెట్టె. ఒక్కొక్క షెడ్డులో వేలకొలది కోళ్లు ఇనుపగూళ్లలో నుండును. వాని రెట్ట చేపల చెరువులకు మేతగా పోవును. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలము కానూరు అగ్రహారమునను, తణుకు చేరువ వేల్పూరునను బర్డ్‌ఫ్లూ నిర్ధారణ యైనపుడు, ఒక కిలోమీటరు రోగమండలము, పది కిలోమీటర్లు నిఘామండలము అని గీతలు గీసిరి. లక్షలాది కోళ్లు చచ్చినవి, మిగిలినవానిని చంపి పూడ్చిరి. నీరు గడ్డపార పోటునకే ఊరు డెల్టా నేలలో అన్ని కళేబరములు పూడ్చుట ఏ శాస్త్రమున నున్నదో! పెరటికోడికి వచ్చిన తెగులు పెరటితో పోవును. వేలు లక్షలుగా ప్రాణులను ఒకచోట కుదించినపుడు వాని మలము, వాని మందు, వాని రోగము, వాని చావు అన్నియు ఊరి వ్యవహారములే యగును. రొయ్యకైనను కోడికైనను ఈ న్యాయము ఒక్కటే.

పరదేశములలో ఈ చిక్కు రాలేదా? వచ్చినది. థాయిలాండులో చావ్‌ఫ్రాయా నది వరిమాగాణులలోనికి సముద్రపు ఉప్పునీటిని ట్యాంకులలో తరలించి రొయ్యలు పెంచసాగిరి. రొయ్యల యెగుమతిలో ప్రపంచమున అగ్రస్థానము వహించిన ఆ దేశమే 1998లో మంచినీటి ప్రాంతములలో ఆ పెంపకమును నిషేధించెను. డెల్టాదేశమైన హాలండులో పందులు, కోళ్లు, పాడిపశువుల మలమునుండి వచ్చు నత్రజని అడవులను బీళ్లను చెఱుపుచున్నదని వ్యాజ్యము నడువగా, 2019 మేలో అచటి ఉన్నత న్యాయస్థానము ప్రభుత్వపు అనుమతుల పద్ధతినే కొట్టివేసెను. దానిపై రైతులు ట్రాక్టర్లతో రాజమార్గములు దిగ్బంధించిరి. ఆ రైతుల కోపమునకు కారణము లేకపోలేదు. ముప్పదియేండ్లు పెంచుడని ప్రోత్సహించి, అప్పులిచ్చి, ఒక ఉదయమున తగ్గింపుడన్నచో ఎవనికి కోపము రాదు? మన ప్రభుత్వమును ఆ ఉదయమువరకు ఆగనీయరాదు.

ఒక జాగ్రత్త చెప్పుట మా విధి. కోనసీమలో చచ్చిన ప్రతి కొబ్బరిచెట్టునకు రొయ్యల చెరువే కారణమనుట సత్యము కాదు. మలికిపురము మండలములో శంకరగుప్తము డ్రెయినునకు సముద్రపు పోటు ఎగదన్ని కొబ్బరితోటలు మోడువారినవి. 2025 నవంబరులో ఉపముఖ్యమంత్రి గారు కేశనపల్లికి వచ్చి ఆ తోటలను చూచిరి. అచట ముఖ్యశత్రువు సముద్రమే. కొబ్బరి కొంత ఉప్పునకు ఓర్చును గాని నిలువనీటికి ఓర్వదు. కాని డ్రెయిను పూడి, గట్లు తెగి, సముద్రము లోపలికి చొచ్చుకొని వచ్చుచున్న ప్రదేశముననే ఉప్పును మనము చేతులార ఇంకను లోపలికి మోయుట వివేకమా? ఇంటికి ఒకవైపు నిప్పంటినపుడు రెండవవైపు పొయ్యి వెలిగింపరు గదా.

మేము కోరునవి పెద్దకోరికలు కావు. మురుగు విషయమున కొలత చెరువునకు కాక డ్రెయినునకు ఉండవలెను. ఒక డ్రెయినులోనికి వదలు చెరువులన్నియు కలిసి యొక్క శుద్ధికుంట కట్టుకొనినగాని ఏ ఒక్కదానికిని అనుమతి నిలువరాదు. పంటకాలువకు ఉప్పుచెరువునకు నడుమ ఎంత దూరముండవలెనో గ్రామము గ్రామమునకు పటముమీద గీచి పంచాయతీ గోడపై అంటింపవలెను. వేసవిలో నెలకొకసారి ప్రతి ఊరిలో పది నూతుల ఉప్పు కొలిచి ఆ అంకెలు బయటపెట్టవలెను. ఆ పనిముట్టు జేబులో పట్టును, ఉన్నతపాఠశాల విద్యార్థి వాడగలడు. వరి సాగుచేయదలచిన రైతునకు ముందుగా మురుగు తీయవలెను, గిట్టుబాటు ధర ఇయ్యవలెను. ఇప్పటికే చెరువులు వేసి అప్పులపాలైన చిన్నరైతునకు చెరువు పూడ్చి చేను చేసికొనుటకు సాయము చేయవలెను. ఉప్పుదేరిన నేల మంచినీటితో పలుమార్లు కడిగిన గాని తేరుకొనదు. దానికి ఏండ్లు పట్టును, వ్యయమగును. ఆ వ్యయము చెఱిపినవానినుండి రాబట్టుమని 1996లోనే సుప్రీముకోర్టు చెప్పియున్నది.

ఇవన్నియు ప్రభుత్వము చేయవలసినవి. పఠనమందిరములలో ఈ పత్రిక చదువు పాఠకులు ఈ వారమే చేయదగినది ఒకటున్నది. ఏ సర్వేనెంబరులో ఎవరి చెరువునకు ఎంత విస్తీర్ణమునకు ఎవరు అనుమతి ఇచ్చిరో, ఆ చెరువు మురుగు ఏ కాలువలోనికి పోవుటకు అనుమతి కలదో తెలియజేయుమని 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టవచ్చును. మన రాష్ట్రమున గ్రామస్థాయిలో రుసుము లేదు. మండల కార్యాలయమున ఐదు రూపాయలు, జిల్లా కార్యాలయమున పది రూపాయలు. ముప్పది దినములలో జవాబు ఇయ్యవలెను. అప్పనపల్లి మొదలు అంతర్వేది వరకు ఊరికొక్క దరఖాస్తు పడినచో, అనుమతి యున్న చెరువులెన్నియో లేనివెన్నియో వేసవి పట్టుబడి నాటికి తేలును. వచ్చిన జవాబుల నకళ్లు మాకు పంపినచో ఊరు పేరుతో ప్రకటింతుము. జవాబు రాని ఊళ్ల పేర్లును ప్రకటింతుము.